కేబుల్ కొస

"ఏవండీ, కేబుల్ వైరు ఎందుకు కోసేశారు?"

డాబా మీద కొత్త డిష్ బిగించి మెకానిక్ అలా వెళ్లాడో లేదో, జోజమ్మ గుమ్మంలోంచే మొగుణ్ని నిలదీసింది. జయకర్ చేతిలో కటింగ్ ప్లయర్ ఇంకా అలాగే ఉంది.

"బొమ్మ అద్దంలా వస్తుంటే ఇంకా ఆ చుక్కల కేబుల్ ఎందుకే?"

"ఇందులో మన తిరువూరు ఛానల్ వస్తుందా?"

జయకర్ తల దించుకున్నాడు. ఊళ్లో ఎవరి పెళ్లిరోజు వచ్చినా వాళ్ల పెళ్లి క్యాసెట్ వేయడం కేబుల్ వాళ్ల అలవాటు. ఈరోజు పక్కింటి శ్రీజ పెళ్లిరోజు. ఆ పందిట్లో మంచినీళ్లు అందిస్తూ, కెమెరాని చూసి పకపకా నవ్వుతుంది వీళ్ల కూతురు గ్లోరి. ఆ పెళ్లయిన నెల తిరక్కుండానే జ్వరమొచ్చి చనిపోయింది.

"ఏటా అది చూసి ఏడుస్తావనే కోశాను."

"నేను ఏడుస్తూనే చూస్తానండీ. చూడలేక వీధిలోకి వెళ్లిపోయేది మీరే."

జయకర్ గోడ మీది గ్లోరి ఫొటో వైపు చూశాడు.

"ఫొటోలున్నాయి. వాటిల్లో దాని నవ్వు వినపడదు కదండీ."

జయకర్ తెగిన కేబుల్ కొసను పళ్లతో చీల్చాడు. టీవీ వెనక్కి చేరి, లోపలి రాగితీగను రంధ్రంలో పెట్టి వేళ్లతో నొక్కి పట్టుకున్నాడు. జోజమ్మ రిమోట్ నొక్కింది.

"వచ్చిందా?"

"వచ్చింది. కదలకండి."

సన్నాయి, పెళ్లిసందడి. ఆ వెంటనే గ్లోరి నవ్వు.

జయకర్ చెయ్యి వణికింది. నవ్వు సగంలోనే తెగిపోయింది.