పిట్ట ముట్టని ముద్ద

పొద్దు నడినెత్తికి వచ్చినా పిట్ట ముట్టలేదు.

కృష్ణ ఒడ్డున, రేవుకు కాస్త ఎగువన, మైసయ్యను పూడ్చిన బొంద మీద మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. దాని మీద మోదుగాకుల విస్తరి. అందులో తెల్లన్నం, చేపల పులుసు, ఉల్లిగడ్డ. పక్కన ముంతలో కల్లు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ పెడితే కాకి దిగి ముట్టాలి. ముట్టలేదంటే ఏదో కోరిక మిగిలిపోయినట్టే. తుమ్మచెట్టు నిండా కాకులు కూర్చున్నాయి. ఒక్కటీ దిగడం లేదు.

"ఏం తక్కువైంది కొడుకా?" తల్లి బక్కమ్మ నేల మీద కూలబడి అడుగుతోంది. కొడుకు పోయిన దుఃఖం ఒకటి. పోయి కూడా నిమ్మళంగా లేడేమోనన్న దిగులు ఇంకొకటి. ఆ ముసలి ప్రాణం రెండింటినీ మోయలేకపోతోంది.

మైసయ్య అంటే ఆషామాషీ మనిషి కాదు. ఆ రేవుకు సరంగు. రజాకార్లు ఊళ్ల మీద పడ్డ రోజుల్లో పిల్లాజెల్లాతో పరుగెత్తుకొచ్చిన వాళ్లందరినీ ఆవలి ఒడ్డుకు చేర్చాడు. చిట్యాల దిక్కు నుంచి వచ్చిన ఒక నిండు చూలాలికి నడి ఏట్లో నొప్పులొస్తే, తన ధోవతి విప్పి చాటు కట్టించి, బిడ్డ కేర్‌మనేదాకా పడవను కుదుపు లేకుండా నిలబెట్టాడు. కిరాయి ఇవ్వబోతే ఆ పిల్ల తండ్రిని తిట్టిపోశాడు.

అంతటి మొనగాడు ఇంట్లో బల్లిని చూస్తే మంచమెక్కేవాడు! పెళ్లాం అండాలు చీపురు తెచ్చి దాన్ని తరిమేదాకా కిందికి దిగేవాడు కాదు. సాయంత్రం పడవ మళ్లించగానే నడి ఏట్లోంచి "ఓ..." అని కేక పెట్టేవాడు. ఆ కేక వినబడగానే బక్కమ్మ ఎసరు పెట్టేది. కూతురు సుక్క రేవుకు ఉరికేది. దాన్ని భుజాన ఎత్తుకోకుండా ఏనాడూ గడప తొక్కలేదు మైసయ్య.

ఇప్పుడు ఎవరి కేక విని ఎసరు పెట్టాలి?

పోలీసు యాక్షన్‌తో రజాకార్లు పోయారు, మిలట్రీ వచ్చింది. కమ్యూనిస్టు సంఘపోళ్లను ఏరు దాటిస్తున్నాడని మైసయ్య మీద కన్నేసింది. "రేవుకొచ్చినోడు ఎవడైనా నాకు సుట్టమే" అనేవాడు. ఎవరు చెప్పినా వినలేదు. ఒకనాడు పొద్దుగూకే వేళ పడవ మీద తుపాకులు పేలాయి. పడవ ఒట్టిదే కొట్టుకొచ్చింది. కొన్నాళ్లకు దిగువన తుంగలో శవం తేలింది.

చేపలు కొరికిన ఆ ముఖాన్ని చూడలేక బక్కమ్మ కళ్లు మూసుకుంది. అండాలు మాత్రం మోకాటి లోతు నీళ్లలోకి దిగింది. శవం తలను ఒళ్లోకి తీసుకుని గుండెలవిసేలా ఏడ్చింది. అది మైసయ్యేనని అందరికీ ఆ ఏడుపే చెప్పింది.

పోలీసు పటేలు గొడుగు నీడన కూర్చుని బీడీ మీద బీడీ కాలుస్తున్నాడు. "జర జల్ది కానియ్యుండ్రి. మైసని ముచ్చట ఒడిసిందని మిలట్రీ క్యాంపుకు కబురు చెయ్యాలె."

తమ్ముడు పెద్దులు విస్తరి ముందు చేతులు జోడించాడు. "అన్నా, సుక్కను నా బిడ్డ లెక్క సాదుకుంట. ఫికర్ పడకు."

కాకులు కదల్లేదు.

"నీ పడవను పాడు పెట్టను. రేవు నేను సూసుకుంట."

అయినా అంతే.

బక్కమ్మ పాక్కుంటూ ముందుకొచ్చింది. "మైసా, నీ పెండ్లాన్ని నా కడుపుల పెట్టుకుంట. ఒక్క మాట అననియ్య. ఇంగ తిను, నా బంగారు కొండ!" ఈ మాటకైనా దిగి వస్తాడనుకుంది. రాలేదు. ముసల్ది మట్టి మీద తల ఆన్చి బావురుమంది.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. పటేలు బీడీ పారేసి లేచాడు. "గిదేందిరా, గింత పెట్టినా ముట్టదాయె?"

అప్పుడు కదిలింది అండాలు. "అందరు జర ఎనుకకు జరుగుండ్రి" అంది. కొంగు ముడి విప్పి, అందులోంచి జొన్నరొట్టె ముక్క తీసి విస్తరిలో పెట్టింది. బక్కమ్మ తల పట్టుకుంది. మైసయ్య జొన్నరొట్టె పెడితే మంచినీళ్లు కూడా ముట్టకుండా లేచిపోయేవాడు. పాపం, ఏడ్చి ఏడ్చి దీనికి అదీ యాది లేకుండా పోయింది.

అండాలు బొంద మీదికి వంగి, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు ఏదో చెప్పింది. చెబుతూ చెబుతూ వెక్కింది. మట్టిని కళ్లకద్దుకుని ఎడంగా వచ్చి నిలబడింది.

ఒక కాకి దిగింది. అటూ ఇటూ చూసి, రొట్టె ముక్క ముక్కున కరచుకుని ఏటి మీదుగా ఎగిరిపోయింది.

"హమ్మయ్య" అన్నారందరూ. పటేలు గొడుగు ముడిచి, పంచె దులుపుకుని వెళ్లిపోయాడు. జనం స్నానాలకు రేవు దిక్కు నడిచారు.

బక్కమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "మేమందరం మొక్కితే రాకపాయె. నువ్వేమన్నవే బిడ్డా? నా కొడుక్కు ఏం మాటిచ్చినవే?"

పటేలు గొడుగు మలుపు దాటేదాకా చూసింది అండాలు. తర్వాత అత్త పక్కన కూర్చుని, ఆమె చెవి దగ్గర నోరు పెట్టింది.

"'నువ్వెవరి బిడ్డవో తమ్మీ, ఆవలి ఒడ్డుకు తప్పిచ్చుకున్న మా ఆయన బతకాలని ఆయన పేరు మీద నిన్ను పూడ్సిన, నీ కన్నతల్లి యాడున్నా ఎతికి నీ కబురు చెప్త' అన్ననత్తా."