కుండలో చీకటి

“కుండ యాడమ్మా?” అన్నాడు మురళీధర్ సారు.

ఎదురుగా స్టూలు మీద కుండ ఉంది. తక్కిన ఆరుగురి కాగితాల మీదా కుండలున్నాయి. యమున కాగితం మీద మాత్రం ముద్దగా నలుపు, దాని చుట్టూ ఎర్రటి మరకలు, మధ్యలో ఒక పచ్చటి గీత.

“కుండ లోపలుండే చీకటి గీసినాను సార్.”

“పరీక్షలో కుండకే మార్కులు. చీకటికి లేవు.”

అది 1998. సర్కారు డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్ష రాసేవాళ్లకు సారు మదనపల్లెలో శని, ఆదివారాలు క్లాసులు చెప్పేవాడు. యమున పుంగనూరు నుంచి బస్సులో వచ్చేది. పరీక్ష అప్పటికే ఒకసారి తప్పింది.

నిజానికి తప్పంతా సారుదే. మొదటిరోజే “కండ్లు సగం మూసి చూడండి, వెలుగూ నీడా మాత్రం మిగుల్తాయి” అని నేర్పించాడు. మిగతావాళ్లు క్లాసయ్యాక కళ్లు తెరిచారు. యమున తెరవలేదు. బస్సులోనూ కళ్లు చిట్లించుకునే కూర్చునేది. టమోటా మార్కెట్టు ఒక ఎర్రటి మరక. శెనక్కాయ చేలు పచ్చటి పూత. కండక్టరు ఒక ఖాకీ చుక్క. ఇంట్లో జాకెట్లు కుట్టే వాళ్లమ్మ మునిరత్నమ్మ భయపడి కంటి డాక్టరుకు చూపించింది. అద్దాలు అక్కర్లేదన్నాడాయన.

రెండోసారీ పరీక్ష పోయింది. సారే ఇంటికొచ్చాడు.

“ఈ పాపకు కుండలు వద్దమ్మా. బెంగుళూరులో ఆర్ట్ కాలేజీ ఉండాది. ఈమె గీసేదాన్ని ఆడ అబ్‌స్ట్రాక్ట్ అంటారు.”

“ఆడ ఏమన్నా అననీ సార్,” అంది మునిరత్నమ్మ. కూతురి వైపు తిరిగింది. “మనింటోళ్లు కాకుండా, బయటోళ్లు ఒక్కరన్నా నీ బొమ్మని ఇంటికి తగిలించుకోనీ, పంపిస్తా. లేదంటే జూన్ నుంచి నాతో పాటు మిషను తొక్కు.”

యమున ఆ చీకటినే మూడడుగుల చెక్క మీద మళ్లీ వేసింది. నెల పట్టింది. పక్కింటి రెడ్డెమ్మ వాళ్ల గోడకు మేకు దిగదంది. ఎదురింటి శారదమ్మ ఇంట్లో క్యాలెండర్లకే చోటు లేదు. మే నెల సగమైపోయింది. యమునకు అన్నం సయించడం మానేసింది.

అప్పుడొచ్చింది రాజేశ్వరమ్మ. పుట్టిల్లు పుంగనూరే. కుప్పంలో ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి జాకెట్లు కుట్టించుకుందామని తలుపు తోసిందో లేదో, ఎదురుగా గోడకు ఆనించిన బొమ్మ చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

“అమ్మో! ఎవురు గీసిండేది?”

“నేనే అత్తా.”

రాజేశ్వరమ్మ పక్కకు జరిగి చూసింది. వాకిట్లోకెళ్లి చూసింది. “యాడ నిలబడినా కండ్లు దానిమీదికే పోతాండాయి గదక్కా! నాకీయండి, మా ఇంటికి పెట్టుకుంటా.” మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. “ఎండకు రంగు వెలిసిపోదు గదా పాపా?”

“వార్నిషు కొట్టిస్తానత్తా!” అంది యమున. మాట పూర్తికాకముందే ఏడ్చేసింది. తన బొమ్మ చూసి గుండె పట్టుకున్న మొదటి మనిషి ఈమే మరి.

గృహప్రవేశం రోజు యమునకు జ్వరం. మునిరత్నమ్మ ఒక్కతే కుప్పం వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చింది.

“యాడ పెట్టిందమ్మా?”

“అందరికీ కనపడే సోట్నే.”

“సూసినోళ్లు ఏమన్నారు?”

“ఏమంటారు? ఇంట్లోకి పోకుండా నోరు తెరుసుకోని సూస్తా నిలబడినారు. ఇంకో నలుగురు మాకూ గావాలన్నారు.” మునిరత్నమ్మ ఎందుకో నవ్వాపుకుంది. తర్వాత కూతురి తల నిమిరింది. “మాటంటే మాటే. పెట్టె సర్దుకో.”

బెంగుళూరు పోయేముందు రాజేశ్వరమ్మకు స్వీట్లు ఇచ్చి రావాలనుకుంది యమున.

“యాలలే, ఫోన్లో చెప్తే సాలదా?” అని తల్లి రెండుసార్లు అడ్డం పడింది. యమున వింటే కదా.

కుప్పంలో బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ ఇల్లు చేరుకుంది. గేటు దగ్గరే రాజేశ్వరమ్మ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

“రామ్మా యమునా, ఇల్లు కట్టేటప్పుడు కొమ్ముల రాక్షసుడి బొమ్మలు మూడు మార్చినా లాభం లేకపోయ, మేడమీద గుమ్మడికాయ పక్కన నీది కట్టినంక మా ఇంటికి ఒక్క దిష్టి తగల్లేదు సూడు!”