ఒక్క చుక్క చాలు

"రాజ్యాంగం మనవైపే ఉందమ్మా. జడ్జిగారు ఎటున్నారో మాత్రం చెప్పలేను" అన్నాడు కుర్ర లాయరు అల్సీద్, న్యూ ఆర్లీన్స్ కోర్టు వరండాలో టై సర్దుకుంటూ.

"గెలిస్తే నా కొడుకు ఇంటికొస్తాడు. ఓడినా నేను ఉత్తచేతులతో పోను బాబూ" అంది ఒడీల్.

ఆమె కసి అంతా గాస్తాన్ లబీష్ మీద. జనన నమోదు కార్యాలయంలో గుమాస్తా అతను. ఎవరి పెళ్లి కుదిరినా ముత్తాతల దాకా తవ్వుతాడు. ఒక్క నల్లమనిషి తగిలితే చాలు, కాగితం మీద 'నల్లజాతి' అని ముద్ర గుద్దుతాడు.

ముత్తాతల్లో ఒకరు నల్లవాళ్లే అయినా, ఒడీల్ కొడుకు ఎమిల్ పాలలా తెల్లగా ఉంటాడు. తెల్లవాళ్లలో కలిసిపోయినవాణ్ణి ఆ వీధుల్లో తనవాళ్లు పట్టివ్వరు, ఎదురైనా పలకరించరు. ఎమిల్‌నీ ఎవరూ పట్టివ్వలేదు. పెళ్లికోటు కుట్టించుకున్నాక లబీష్ ముద్ర పడింది. తెల్లపిల్లతో పెళ్లి చట్టం ఒప్పదు. వాడు ఓడెక్కి పోయాడు, ఉలుకూ పలుకూ లేదు. ఆ ముద్ర కొట్టేయించాలనే ఈ కేసు. ఆ గుమాస్తా సర్వనాశనం కావాలని ఒడీల్ రోజూ కొవ్వొత్తి వెలిగిస్తోంది.

లబీష్ వాళ్ల పక్కనుంచే లోపలికి వెళ్లాడు. ఒడీల్ గోడవైపు తిరిగింది.

"రేపు పోయినవాళ్ల పండగ కదా, సమాధుల దగ్గర పనుందేమో మీకు?" అన్నాడు అల్సీద్.

"అమ్మ సమాధికి నిన్ననే సున్నం వేశాను, ఒక్కదాన్నే. ఏటా పండగనాడు పొద్దున్నే నేను వెళ్లేసరికే ఎవరో చీకట్లోనే చామంతులు పెట్టి పోయుంటారు."

"ఎవరు?"

"మొహం చాటేసేవాళ్లెవరో. సరేగానీ, నే చెప్పిన ప్రశ్నలు మర్చిపోకు."

బోనులో లబీష్ దర్జాగా కూర్చున్నాడు.

"అందరూ సమానమని రాజ్యాంగం అంటుంటే, మనిషికి రంగు ముద్ర వేసే హక్కు సర్కారుకెక్కడిది?" అన్నాడు అల్సీద్.

"చట్టం వేయమంది, వేశాను."

"ఈవిడ ఒంట్లో నల్లరక్తం ఎంత?"

"ఒక్క చుక్క. ఒక్క చుక్క చాలు."

"ఈవిడ కొడుకు?"

"వాడూ నల్లవాడే."

"ఈవిడ తోబుట్టువులు?"

లబీష్ మంచినీళ్లు తాగాడు. "ఉంటే... వాళ్లూ అంతే."

"నల్లవాళ్లకి మీ ఆఫీసులో ఉద్యోగమిస్తారా?"

"తెలిసిన రోజే గెంటేస్తారు."

ఆ ప్రశ్నలెందుకో అల్సీద్‌కే అర్థం కాలేదు. జడ్జి ఆవలింత ఆపుకుని తీర్పు చెప్పేశాడు. "రాజ్యాంగానికొచ్చిన ముప్పేమీ లేదు. ముద్ర చెల్లుతుంది. కేసు కొట్టేస్తున్నాను."

అల్సీద్ తల దించుకున్నాడు. లబీష్ నవ్వుతూ బోను దిగాడు.

"ఒక్క చుక్క చాలన్నమాట. తోబుట్టువులకి కూడా" అంది ఒడీల్, ముందు వరసలో రాసుకుంటున్న పత్రికల విలేకరులకి వినపడేలా. "అంతా రాసుకున్నారుగా అయ్యా?"

వాళ్లు తలూపారు. ఆమె తిన్నగా వెళ్లి లబీష్ ఎదుట నిలబడింది.

"ఈసారి అమ్మకి చామంతులు పట్టపగలే పెట్టరా, తమ్ముడూ."