పేరు లేని బొమ్మ

గాజు తలుపును చేత్తో తడుముకుంటూ ఒక పెద్దాయన లోపలికి వచ్చాడు. చేతిలో తెల్ల కర్ర, చొక్కా జేబులో ఫోను.

"వెబ్‌సైట్ చేసేది ఎవరు బాబూ?"

రిజర్వాయరు కార్యాలయంలో ఆ పని చూసే డిజైనర్ తలెత్తాడు. కొత్త సైటు మొదలై ఆ రోజుకి రెండు రోజులు. గేట్లు ఎప్పుడు ఎత్తుతారో, ఏట్లోకి ఎంత నీరు వదులుతారో రోజూ పొద్దున్నే అందులోనే పెడుతున్నారు. చూసినవాళ్ళంతా బాగుందంటున్నారు.

"నేనే. చెప్పండి పెద్దాయనా."

"మీ సైటు నాతో మాట్లాడటం లేదు."

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

పెద్దాయన అదేమీ పట్టించుకోలేదు. ఫోను తీసి, తెర మీద వేలు జరిపాడు. కార్యాలయం పేరు, తేదీ, వాన వివరం... ఫోను గడగడా చదివింది. అసలు చోటుకి వచ్చేసరికి "బొమ్మ. పేరు లేదు" అని ఆగిపోయింది.

"అది నీటిమట్టం బొమ్మండీ" అన్నాడు డిజైనర్. "ఆకుపచ్చగా ఉంటే ఏరు మామూలుగా ఉన్నట్టు. ఎర్రగా ఉంటే గేట్లు ఎత్తుతున్నట్టు. చూడగానే తెలిసిపోతుంది."

అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"చూడగలిగితే తెలుస్తుంది, సరే" నవ్వాడు పెద్దాయన. "ఆ బొమ్మకి ఒక్క ముక్క మాటల్లో రాసిపెట్టు. నా ఫోను చదువుకుంటుంది. ఇదివరకు మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి చెప్పేది. సైటు వచ్చిందని ఆ నంబరు ఎత్తేశారు."

డిజైనర్ మేనేజర్ గదిలోకి వెళ్ళాడు.

"ఎంతసేపు పని?" అడిగాడు మేనేజర్.

"పది నిమిషాలు సార్."

"ఏది మార్చినా మళ్ళీ పైవాళ్ళు చూసి సరేననాలి. వచ్చే నెల మార్పుల్లో రాసుకో. ఇంతకీ ఎంతమంది అడిగారు?"

"ఒక్కాయనే సార్."

"మరింకేం!"

వచ్చే నెల చేస్తామన్న మాట వినగానే పెద్దాయన మొహంలో నవ్వు పోయింది.

"అప్పటికి వానలే వెళ్ళిపోతాయి బాబూ. పైన కొండల్లో నాలుగు రోజులుగా కుండపోత. నాకు రోజూ ఆరింటికల్లా తెలియాలి."

"మీరు ఏట్లోకి వెళ్తారా?"

"నేనెందుకు వెళ్తాను? ఏటి గట్టు కూడా దిగను."

"మరి మీకెందుకండీ ఇంత హైరానా?"

ఆయన ఏదో చెప్పబోయాడు. ఇంతలో బల్ల మీద ఫోను మోగింది.

"ఒక్క నిమిషం పెద్దాయనా" అంటూ డిజైనర్ అటు తిరిగాడు.

ఆ నిమిషం కాస్తా పావుగంట అయింది. తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ. బల్ల మీద ఒక చీటీ. ఎవరిచేతో రాయించుకొచ్చిన చిరునామా, ఫోను నంబరు.

సైటు మొదలైన ఆరో రోజు, ఉదయం ఐదున్నరకి బొమ్మ ఎర్రబడింది. ఏడింటికి గేట్లు ఎత్తారు.

సాయంత్రానికి ఏటి ఒడ్డు ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయని కబుర్లు మొదలయ్యాయి.

"గంటన్నర ముందే పెట్టాం. మన తప్పేమీ లేదు" అన్నాడు మేనేజర్. ఆ మాట మరో రెండుసార్లు అన్నాడు.

ఆ ఉదయం సైటును ఎవరెవరు తెరిచారో డిజైనర్ తీసి చూశాడు. ఆరు గంటల నుంచి ఏడు వరకు ఒకే ఫోను ఆ పేజీని ముప్పై ఒక్కసార్లు తెరిచింది. తెరవడం, మూయడం. మళ్ళీ తెరవడం.

చీటీ వెతికి తీసి నంబరు నొక్కాడు.

స్విచ్ఛాఫ్.

మర్నాడు ఆ చిరునామాకి వెళ్ళాడు. సందంతా బురద. గోడల మీద మోకాలి ఎత్తున తడి చార. పెద్దాయన తలుపుకి తాళం వేసి ఉంది. పక్కింటి గడపలో ఒకావిడ తడిసిన బొంత పిండుతోంది.

"ఈ ఇంటాయన..."

"లేడు బాబూ. ఏరు తీసుకుపోయింది."

"ఏటి గట్టే దిగనన్నారే!"

"ఏనాడూ దిగలేదు. నిన్ననే దిగాడు." ఆవిడ బొంత పిండడం ఆపలేదు. "ఏటి మధ్య మెట్ట మీద మా కూరగాయ మళ్ళున్నాయి. పొద్దున్నే దిగి వెళ్ళాం. ఏటి చప్పుడు మారిందని మాకంటే ముందు ఆయనకి తెలిసింది. వెనక్కి రండర్రా అని అరుచుకుంటూ నడుం లోతు నీళ్ళలోకి వచ్చేశాడు. కర్ర ఎప్పుడు జారిపోయిందో ఏమో. మేం పద్నాలుగు మందిమి ఒడ్డెక్కాం. తిరిగి చూస్తే ఆయన లేడు."

డిజైనర్ తాళం వేసిన తలుపు వైపు చూశాడు.

"ఆయన మీకేమవుతారమ్మా?"

"చుట్టరికమేం లేదు. పైగా మొన్న సాయంత్రమే నోటికొచ్చినట్టు కసిరాం. తెలిస్తే చెప్పు, తెలియకపోతే నోరు మూసుకో అన్నాను. నేనే అన్నాను."

"ఏం చెప్పాలి ఆయన?"

ఆవిడ బొంత కింద పెట్టింది. తడి చేతులు చీరకి తుడుచుకుంది.

"ఆఫీసులో అమ్మాయి ఫోన్ ఎత్తడం మానేసిందట. ఏమీ తెలియడం లేదు, ఎందుకైనా మంచిది దిగొద్దని నాలుగు రోజులు వరసగా ఆపాడు. చుక్క నీరు రాలేదు. పనులు పోతున్నాయని విసుక్కున్నాం. కానీ బాబూ, పద్దెనిమిదేళ్ళుగా పొద్దున్నే కనుక్కుని, ఈ రోజు ఏట్లో దిగొచ్చో కూడదో ఈ డెబ్బై ఇళ్ళకీ చెప్పింది ఆయనే."