కడుపులో చేప

ధనుంజయ వెనక తలుపు నుంచి ఇంట్లోకి రావడం అంజనమ్మకు ఎప్పుడూ నచ్చదు. ఈ రోజు మరీ నచ్చలేదు. ముందు వాకిట్లో పెళ్లికూతురివాళ్లు అప్పుడే చెప్పులు విడుస్తున్నారు.

"చేపా! అంత పెద్ద వాకిలి పెట్టుకోని యెనక నుంచే దూరల్లా నువ్వు?" అని గొంతు తగ్గించే కసిరింది, అయినా వాకిట్లోకి వినబడింది.

"చేతులంతా గ్రీసమ్మా. కడుక్కోనొస్తా, ఉండు."

అతనికి బాగేపల్లిలో బోరు మోటార్లు బాగుచేసే అంగడి ఉంది. పొద్దున పోతే సాయంత్రానికి పాతపాళ్యలోని ఈ ఇంటికి చేరుతాడు.

వచ్చినవాళ్లు ఇద్దరే. కైవార దగ్గరి ఊరి వెంకటప్ప, ఆయన కూతురు ఆశ. ఆశకు చిక్కబళ్లాపురంలో ఉద్యోగం. ఆమె, ధనుంజయ ఒకరికొకరు ముందే నచ్చారు. ఇక ఇల్లు చూసుకోవడమే మిగిలింది. ధనుంజయకిది రెండో పెళ్లి. మొదటామె నాలుగేళ్ల కిందట విడాకులు తీసుకుని వెళ్లిపోయింది. సంబంధం తెచ్చిన ఆంజనేయప్ప ఆ సంగతి ముందే చెప్పాడు. ఇంట్లో ఉండేది ఇద్దరేనని కూడా చెప్పి, మిగతావి మీరే మాట్లాడుకోండని జారుకున్నాడు.

పొద్దుటి నుంచి అంజనమ్మకు ఒకటే గుబులు. ఈ గడప దాటిపోయినవాళ్లెవరూ తిరిగి రాలేదు. ధనుంజయకు పెళ్లి కావాలి. పెళ్లయితే అతనూ పోతాడు. ఉప్పిట్టు రవ్వలో ఉప్పు వేసిందో లేదో కూడా గుర్తులేదు.

"చేపా అని పిలుస్తాండారు, ఎందుకమ్మా?" ఆశ అడిగింది.

అంజనమ్మ బడికి పోలేదు. తనంతట తానే అక్షరాలు కూడబలుక్కుంది. అందుకే పొట్లం కట్టిన కాగితాన్ని కూడా చదవందే పారెయ్యదు.

"చెనక్కాయల పొట్లంలో చదివినా తల్లీ. సముద్రంలో దోసకాయ మాదిరి జీవమొకటి ఉండాదంట. కండ్లు లేవు, మెదడు లేదు. ఒగచోట పడుంటాది, నా మాదిరి. దాని కడుపులో సన్న చేపొకటి కాపురం. బయటికి పోయి తిని, మళ్లా యెనక నుంచి తోకతో దూరతాదంట. ఈ మహాతల్లి ఊపిరి తీసుకునేదీ ఆ దోవనే. తలుపేసుకుంటే తనకే ఊపిరాడదు!"

వెంకటప్పకు నవ్వుతో పొలమారింది.

"తల్లీకొడుకులు బలే కుదిరినారప్పా!" అన్నాడు.

అంజనమ్మ ముఖం వెలిగిపోయింది.

"అది సరే, పెండ్లయినాంక ఈ చేప బయటికొస్తాదా, రాదా? మా పాప చిక్కబళ్లాపురంలో ఇల్లు చూసి పెట్టినాది."

అంజనమ్మ కాఫీ లోటా కింద పెట్టింది.

"తీసకపోండప్పా. నేనే ఎన్నోమార్లు చెప్పినా, నీ దోవ నువ్వు చూసుకో నాయనా అని. పోతే గదా!"

"నేను పోతే నీకు మాత్రలెవరిస్తారు?" ధనుంజయ అందుకున్నాడు. "పొద్దుటి మాత్ర సాయంత్రం, సాయంత్రంది పొద్దున మింగుతాది."

"నాకు చదువు రాదా ఏం?"

"వచ్చు. మాత్రల చీటీ తప్ప అన్నీ చదువుతాది."

ఆశ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత వంటింటి దాకా వెళ్లి, వెనక తలుపు తీసి, పెరట్లోకి తొంగిచూసి వచ్చింది.

"ఈడినుంచి పొద్దున చిక్కబళ్లాపురానికి బస్సుండాదా?"

"ఏడున్నరకు!" ధనుంజయ నోట్లోంచి మాట తన్నుకొచ్చింది.

"అయితే లోపల ఇంగో చేపకు చోటుంటాదా అమ్మా?"

అంజనమ్మకు అప్పుడు ఊపిరాడింది. కళ్లొత్తుకుంటూ, ఇంకాస్త ఉప్పిట్టు తెచ్చి ఆశ ప్లేటులో కుప్పగా పోసింది.

వెంకటప్ప తల గోక్కున్నాడు.

"మా పాప తీర్మానం చేసినాంక నాదేముండాది. ఒగటే మాట, తప్పనుకోవద్దమ్మా. ముందు ఇడిసిపెట్టి పోయినాదే, ఆ పాప ఎవురి కడుపున పుట్టిన బిడ్డ? రేపు ఆళ్ల మనుషులు ఈ ఇంటిమీదికి గొడవకు రారు గదా?"

ధనుంజయ నేల చూపులు చూశాడు. అంజనమ్మ కొంగు సర్దుకుంది.

"నా కడుపున పుట్టింది ఆ పాపేనప్పా, ఈయప్ప నాకు అల్లుడు."