పాలిచ్చిన దాది మనవి

పొలాల్లో బంగాళాదుంపలు కుళ్లిపోతుంటే మా డ్రమ్‌కెల్ దొర హాలు గోడ మీద తన వంశవృక్షం రాయించుకుంటున్నాడు. ఇంగ్లండు నుంచి ఐర్లండుకి వచ్చి మూడు వందల ఏళ్లుగా మా భూములు తింటున్న వంశం. అందులో ఐరిష్ నెత్తురు చుక్కైనా కలవలేదట! నిచ్చెనెక్కి ఆ కొమ్మలకి రంగులేస్తున్నది నేనే.

అప్పుడొచ్చింది గ్రానియా, దొరకి పాలిచ్చి పెంచిన దాది. కౌలు కట్టలేదని కిందటి వారమే ఆమె వీధి మొత్తం కూలగొట్టించాడు.

ఆమెని చూడగానే దొర మొహాన కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. ఉయ్యాల్లో పసివాళ్లని మార్చేసిందనీ, దొర నిజానికి ఆమె కొడుకేననీ ఊళ్లో పాత పుకారు.

"ఎందుకొచ్చావో తెలుసు ముసలీ. నోరు మూసుకుని ఉంటానంటే ఇల్లు కట్టిస్తా."

"నీ ఇల్లెవడిక్కావాలి దొరా? నువ్వు నా కడుపున పుట్టలేదని ఆ గోడ మీద పెద్దక్షరాలతో రాయించు."

"అదెందుకూ?" అన్నాడు దొర.

"నా పాలన్నీ నువ్వే తాగేస్తే నా బిడ్డ ఆకలితో పోయాడు. ఇప్పుడు నిన్ను చూపించి వాడే వీడంటున్నారు. చచ్చినోడికి ఎంత అప్రతిష్ఠ!"