చేతులు కడుక్కొని రండి

"మళ్ళీ కడుక్కొని రా పెద్దమ్మా," అన్నాను నాలుగోసారి, విసుగు దాచుకోకుండా.

పోసక్క బోరింగు దగ్గరికి నడిచింది. తన ఖాతాలో పైసలు తీసుకోవడానికి ఆమె తిరగడం ఇది మూడో రోజు.

ఈ బ్యాంకు వేలిముద్ర యాప్ రాసింది నేనే. రాష్ట్ర సరిహద్దు అవతల ఉన్న ఈ భోపాల్‌పట్నంలో ఎందుకు మొరాయిస్తోందో చూడమని కంపెనీ నన్ను హైదరాబాద్ నుంచి తోలింది. పొద్దుటి నుంచి కోడ్ మొత్తం తిరగేశాను. ఒక్క తప్పూ దొరకలేదు.

ఆమె తడి వేలు కొంగుకు తుడుచుకొని మిషన్ మీద పెట్టింది. తెర మీద మళ్ళీ అదే వాక్యం హిందీలో వచ్చింది: చేతులు శుభ్రంగా కడుక్కొని ప్రయత్నించండి.

"ఏందట బిడ్డా?"

నాకు ఒళ్ళు మండింది. ఆమె చెయ్యి పట్టుకొని వెలుగులోకి తిప్పాను. బొటనవేలు గులకరాయిలా నున్నగా ఉంది. ఒక్క గీతా లేదు.

"తునికాకు తెంపి, మిరపకాయలు ఏరి అన్నీ అరిగిపోయినయి," అంది, తప్పు చేసినట్టు. "ఇంకోసారి కడుక్కొని రానా?"

నిజమే, నా కోడ్‌లో తప్పు లేదు. ముద్ర ఏ కారణంతో అందకపోయినా ఆ ఒక్క వాక్యమే చూపించమని రాశాను.

తప్పు మాది అనిపించకూడదు కదా.